ఇల్లు కట్టుకునేవాళ్ల నష్టాన్ని ఎవరు లెక్కగడతారు? తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. విదేశాల నుంచి వచ్చే ఇంటి నిర్మాణ సామగ్రి మీద వేసే యాంటీ డంపింగ్ సుంకాల (తమ దేశంలో అమ్మే ధరకంటే తక్కువకు ఇక్కడికి పంపే సరుకు మీద వేసే అదనపు సుంకాల) గురించి, సబ్సిడీ వ్యతిరేక సుంకాల (విదేశీ ప్రభుత్వ సాయంతో చౌకగా వచ్చే సరుకు మీద వేసేవాటి) గురించి ఈ లేఖ. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది, రాజ్యసభలో రెండు రాష్ట్రాలకు కలిపి 18 మంది ఉన్నారు. ఇళ్లు కట్టే చిన్న కాంట్రాక్టర్లు, కిటికీలు బిగించే అల్యూమినియం పనివాళ్లు, ఫాల్స్ సీలింగ్ వేసేవాళ్లు, కార్పెంటర్లు, వాళ్లతో ఇల్లు కట్టించుకుంటున్న కుటుంబాలు, వీళ్లందరి తరఫున మీ 60 మందికీ కలిపి రాస్తున్నాను.

మొదట సంబంధిత చోట్లకే విన్నపాలు పంపాం. ఒకచోట నుంచి జవాబే రాలేదు. ఇంకోచోట గడువు దాటిపోయిందన్నారు. సుంకం వేయాలా వద్దా అన్న విచారణ మొదలైందన్న సంగతి మాకు తెలిసేసరికే ఆ గడువు ముగిసింది. అందుకే ఇప్పుడు నలుగురూ చూసేలా రాస్తున్నాం.

మీకే ఎందుకు రాస్తున్నామంటే, కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975లోని సెక్షన్ 9ఏ ప్రకారం యాంటీ డంపింగ్ సుంకం వేస్తూ ఇచ్చిన ప్రతి నోటిఫికేషన్‌నూ పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. అంటే ఆ కాగితం మీ దగ్గరకు వస్తుంది. దాని మీద ప్రశ్న అడిగే హక్కు మీకుంది, మాకు లేదు.

ముందే ఒక విషయం చెప్పాలి. మేము ఈ సుంకాలకు వ్యతిరేకులం కాము. డంపింగ్ కట్టుకథ కాదు. 2024లో ఒక్క చైనా నుంచే 11 కోట్ల టన్నులకు పైగా ఉక్కు ప్రపంచం మీదకు వచ్చింది. సొంత దేశంలో అమ్ముడుపోని సరుకును అడ్డికి పావుసేరుగా బయటి దేశాల్లో కుమ్మరిస్తే ఇక్కడి ఫ్యాక్టరీలు మూతపడతాయి, కార్మికులు రోడ్డున పడతారు. విశాఖ ఉక్కు కోసం పోరాడిన రాష్ట్రంలో ఈ మాట ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అన్యాయంగా వచ్చే పోటీ నుంచి మన పరిశ్రమను కాపాడాల్సిందే. కాపాడే పద్ధతిలో మాత్రం ఒక పెద్ద లోపం ఉంది. ఫ్యాక్టరీకి జరిగిన నష్టాన్ని పైసలతో సహా లెక్కగడుతున్నారు. ఆ సరుకు కొనేవాళ్లకు జరగబోయే నష్టాన్ని అలా లెక్కగట్టేవాళ్లు ఎవరూ లేరు. మా ఫిర్యాదంతా ఇదే.

పద్ధతి ఎలా నడుస్తుందో క్లుప్తంగా చెప్తాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్లకు తెలియాలి.

వాణిజ్య శాఖ కింద డీజీటీఆర్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్) అనే సంస్థ విచారణ జరుపుతుంది. దేశంలో ఆ వస్తువు తయారుచేసే కంపెనీలు ఫిర్యాదు చేస్తాయి. ఫిర్యాదును బలపరిచే కంపెనీల ఉత్పత్తి దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. విదేశీ కంపెనీ ఒక వస్తువును తన దేశంలో 100 రూపాయలకు అమ్ముతూ మనకు 80కే పంపుతోందనుకోండి. తేడా 20. ఎగుమతి ధర 80 మీద చూస్తే అది 25 శాతం. దీన్నే డంపింగ్ మార్జిన్ అంటారు. ఇది 2 శాతం లోపు ఉంటే కేసు నిలబడదు. అంతకు మించితే, దానివల్ల ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగిందా అని చూస్తారు: అమ్మకాలు తగ్గాయా, లాభం పడిపోయిందా, సరుకు గోడౌన్లలో పేరుకుపోయిందా, ఉద్యోగాలు పోయాయా. తర్వాత, ఏ ధర ఉంటే స్వదేశీ కంపెనీకి నష్టం ఉండదో లెక్కగట్టి, దిగుమతి సరుకు ధర అంతకంటే ఎంత తక్కువుందో తేలుస్తారు. ఈ రెండు తేడాల్లో ఏది తక్కువైతే అంతే సుంకం. ఈ తక్కువ సుంకం నియమం మంచిది, చాలా దేశాల్లో లేనిది. దాన్ని మేము మెచ్చుకుంటున్నాం.

డీజీటీఆర్ సిఫార్సు మాత్రమే చేస్తుంది. వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం మూడు నెలల్లో తేల్చాలి. వేస్తే అది ఐదేళ్లు ఉంటుంది. గడువు ముగిసే ముందు సమీక్ష జరిపి మళ్లీ ఐదేళ్ల దాకా పొడిగించవచ్చు.

సబ్సిడీ కేసులు సెక్షన్ 9 కిందకు వస్తాయి. అక్కడ విచారణ కంపెనీ అమ్మే ధర మీద జరగదు, ఆ దేశపు ప్రభుత్వం ఇచ్చిన సాయం మీద జరుగుతుంది. భూమి చౌకగా ఇచ్చిందా, కరెంటు బిల్లులో రాయితీ ఇచ్చిందా, ప్రభుత్వ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చిందా అని వెతికి, దానికి సమానమైన సుంకం వేస్తారు.

ఇక దీని ఫలితం మా మీద ఎలా పడుతోందో చెప్తాను.

1. ఒక ఇల్లు ఒక్క వస్తువుతో కట్టరు. కానీ తీర్పు ఎప్పుడూ ఒక్క వస్తువు మీదే వస్తుంది. కిటికీలకు వాడే క్లియర్ ఫ్లోట్ గ్లాసు మీద చైనా, ఇండోనేషియాలతో మొదలుపెట్టి పాకిస్తాన్, సౌదీ అరేబియా, యూఏఈ, ఇరాన్ దాకా వేర్వేరు సమయాల్లో సుంకాలు వేశారు. చైనా విట్రిఫైడ్ టైల్స్ మీద వేశారు. వార్డ్‌రోబులకు వాడే ఎండీఎఫ్ బోర్డు మీద, సీలింగ్‌కు వాడే జిప్సం బోర్డు మీద, పైపులకు ముడిసరుకైన పీవీసీ రెజిన్ మీద, రెయిలింగులకు, సింకులకు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ మీద కూడా ఏదో ఒక కాలంలో వేశారు. వీటిలో కొన్ని ముగిశాయి, కొన్ని ఎత్తేశారు, కొన్ని మళ్లీ వచ్చాయి. ఇవి కాకుండా ఫ్లాట్ స్టీల్ మీద 2025 ఏప్రిల్‌లో 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం (దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వేసేది) 200 రోజులకు వేశారు. రంగు రేకులు, ఇనుప తలుపుల ఫ్రేములు ఆ ఉక్కుతోనే తయారవుతాయి.

ప్రతి కేసులోనూ వినిపించే వాదన ఒకటే: ఈ వస్తువు వాటా మొత్తం ఇంటి ఖర్చులో చాలా చిన్నది, కాబట్టి వాడకందారు మీద ప్రభావం స్వల్పం. గ్లాసు కేసులో గ్లాసు చిన్నది. టైల్స్ కేసులో టైల్స్ చిన్నవి. బోర్డు కేసులో బోర్డు చిన్నది. ఒక్కో కేసును విడిగా చూస్తే ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఇల్లు కట్టుకునే మనిషి ఈ చిన్నవన్నీ కలిపి ఒకే ఎస్టిమేట్‌లో కడుతున్నాడు. ఆ కూడిక ఏ నివేదికలోనూ కనబడదు. ఏ అధికారికీ ఆ కూడిక చేసే బాధ్యత అప్పగించలేదు కూడా. సార్, మేము అడుగుతున్న వాటన్నిటిలో ముఖ్యమైనది ఇది. మిగతావి మరిచిపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

2. సుంకం మీద పన్ను పడుతుంది. దిగుమతి సరుకుకు ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) లెక్కించేటప్పుడు యాంటీ డంపింగ్ సుంకాన్ని కూడా విలువలో కలుపుతారు. 100 రూపాయల సరుకు మీద 30 రూపాయల సుంకం పడిందనుకుంటే, ఆ 30 మీద 18 శాతం చొప్పున ఇంకో 5 రూపాయల 40 పైసలు కలుస్తాయి. పరిశ్రమ నడిపేవాళ్లు ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటారు. సొంత ఇల్లు కట్టుకునే టీచరుకు, ఆటో డ్రైవరుకు ఆ అవకాశం లేదు. మొత్తం 35 రూపాయల 40 పైసలు వాళ్ల జేబులోంచే పోతాయి.

3. దిగుమతి సరుకు ముట్టుకోనివాళ్లు కూడా కడతారు. బయటి సరుకు ఖరీదైతే దేశీయ తయారీదారు తన ధరను పాతచోటే ఉంచాల్సిన అవసరం ఏముంది? ముఖ్యంగా ఫ్లోట్ గ్లాసులాంటి వ్యాపారంలో తయారీదారులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. డీలరు దగ్గర మా ముందున్న దారి ఒకటే, అడిగిన రేటు ఇవ్వడం. సుంకం ద్వారా ప్రభుత్వానికి వచ్చే ఆదాయం దిగుమతైన సరుకు మీదే. ధర పెరుగుదల మాత్రం దేశంలో అమ్ముడయ్యే మొత్తం సరుకు మీద.

4. చాలా సుంకాలను డాలర్లలో నిర్ణయిస్తారు. టన్నుకు ఇన్ని డాలర్లు, చదరపు మీటరుకు ఇన్ని డాలర్లు అని. కట్టేది రూపాయల్లో. ఐదేళ్లలో రూపాయి బలహీనపడితే, ఎవరూ కొత్త తీర్పు ఇవ్వకుండానే సుంకం పెరిగిపోతుంది. రూపాయి పడిపోతే దిగుమతి సరుకు దానంతటదే ఖరీదవుతుంది, స్వదేశీ కంపెనీకి అదే ఒక రక్షణ. దాని మీద పెరిగిన సుంకం అదనం. ఈ విషయం ఎవరూ పట్టించుకోకపోవడం మాకు ఆశ్చర్యంగా ఉంది.

5. సాధారణంగా పన్నెండు నెలల కాలాన్ని తీసుకుని డంపింగ్ లెక్కలు వేస్తారు. విచారణకు ఏడాది గడువు, కావాలంటే ఇంకో ఆరు నెలలు. ఆ పైన రెవెన్యూ విభాగానికి మూడు నెలలు. అంటే సుంకం అమల్లోకి వచ్చేసరికి దానికి ఆధారమైన ధరలు రెండేళ్ల నాటివి కావచ్చు. ఈలోపు ఓడ రవాణా ఛార్జీలు మారతాయి, ముడిసరుకు ధర మారుతుంది, కొన్నిసార్లు డంపింగే ఆగిపోయి ఉంటుంది.

ఇది చిన్న కాంట్రాక్టరును ఎలా దెబ్బతీస్తుందో చెప్పాలి. మాలో చాలామంది చదరపు అడుగుకు ఇంత అని విత్ మెటీరియల్ కాంట్రాక్ట్ మాట్లాడుకుంటాం. అడ్వాన్స్ తీసుకున్నాక రేటు పెంచమంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని మేము అనలేం కూడా. వాళ్లు బ్యాంకులో లోను తీసుకుని, ఒకపక్క అద్దె, ఇంకోపక్క ఈఎంఐ కడుతుంటారు. పునాది పడిన నెలలో ఇచ్చిన కొటేషన్‌తో ఏడాది తర్వాత కిటికీలు పెట్టాలి, టైల్స్ వేయాలి. ఆ మధ్యలో నోటిఫికేషన్ వస్తే తేడా మేము భరించాలి, లేకపోతే పని ఆపాలి, లేకపోతే నాసిరకం సరుకు వాడాలి. మూడో దారి పట్టేవాళ్లు ఉన్నారు. 12 ఎంఎం టఫెన్డ్ గ్లాసు పెట్టాల్సిన చోట 8 ఎంఎం పెడితే మెట్ల పక్కన ఆడుకునే పిల్లలకు ప్రమాదం. సుంకాల చర్చలో ఈ సంగతి ఎక్కడా రాదు.

పెద్ద బిల్డర్‌కు ఇంత టెన్షన్ లేదు. ఆయన ముందే సరుకు కొని పెట్టుకోగలడు, ఫ్యాక్టరీతో నేరుగా ఏడాది రేటు మాట్లాడుకోగలడు.

6. ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లు అన్నిటికంటే ఎక్కువ నలిగిపోతాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చేది 1 లక్షా 20 వేలు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు, అదీ దశలవారీగా. ఇల్లు పూర్తయ్యాకే చివరి విడత వస్తుంది. కిటికీలు, తలుపులు, ఫ్లోరింగ్, పైపులు, సుంకాలు ఎక్కువగా తగిలే సామాన్లన్నీ ఆ చివరి దశలోనే కొనాలి. సాయం మొత్తం మారదు, సామాను ధర మారుతుంది. ఆ తేడాకు లబ్ధిదారు అప్పు తెస్తారు. డ్వాక్రా లోను తీసుకుని ఇంటి పనిలో పెట్టే ఆడవాళ్లను మీ నియోజకవర్గాల్లో మీరు చూసే ఉంటారు. ప్రభుత్వం ఒక చేత్తో సాయం ఇస్తూ ఇంకో చేత్తో దాన్ని తగ్గిస్తోందని ఆ ఫైలు చూసే అధికారికి తెలియకపోవచ్చు. ఆ రెండు ఫైళ్లూ రెండు వేర్వేరు శాఖల్లో ఉంటాయి.

"చట్టంలో వాడకందారులకు చోటుంది కదా" అని మీరు అడగవచ్చు. ఉంది. 1995 నాటి యాంటీ డంపింగ్ నియమాల్లో ఆరో నియమం ప్రకారం ఆ వస్తువును వాడే పరిశ్రమలకు, చిల్లరగా అమ్ముడయ్యే వస్తువైతే వినియోగదారుల సంఘాలకు కూడా తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈమధ్య ఆర్థిక ప్రయోజనాల ప్రశ్నావళి అని ఒకటి కూడా పెట్టారు. మంచిదే. కానీ ఆ ప్రశ్నావళి ఇంగ్లీషులో ఉంటుంది. నింపడానికి న్యాయవాది కావాలి, కాస్ట్ అకౌంటెంట్ కావాలి. జవాబుకు సాధారణంగా ఇచ్చే గడువు 30 రోజులు. ఫిర్యాదు చేసిన కంపెనీ ఖర్చుల లెక్కలు గోప్యం కాబట్టి మాకు కనబడేవి అసలు అంకెలు కావు, సూచికలు, శ్రేణులు మాత్రమే. తెనాలిలోనో, సిద్దిపేటలోనో నలుగురు పనివాళ్లతో షాపు నడుపుకునే అల్యూమినియం ఫ్యాబ్రికేటర్ ఇందులో ఎలా పాల్గొంటాడు? కాగితం మీద అవకాశం ఇచ్చి, అతను రాలేదు కాబట్టి అభ్యంతరం లేదని రాసుకోవడం న్యాయం కాదు.

ఇంకో విషయం. స్వదేశీ కంపెనీకి నష్టం కలిగించని ధరను లెక్కగట్టేటప్పుడు దాని పెట్టుబడి మీద పన్నుకు ముందు 22 శాతం రాబడి ఉండాలని చాలాకాలంగా పాటిస్తున్నారు. నియమాల్లో ఉన్నది "సమంజసమైన రాబడి" అని మాత్రమే. 22 అన్న అంకె ఆచారంగా వచ్చింది. బ్యాంకు వడ్డీలు, కార్పొరేట్ పన్ను ఇప్పటికంటే ఎక్కువగా ఉన్న రోజుల అంకె అది. 2019లో కార్పొరేట్ పన్నును మూల రేటు 22 శాతానికి తగ్గించారు, కొత్త ఫ్యాక్టరీలకైతే 15 శాతానికి. పన్ను తగ్గినా పన్నుకు ముందు లెక్కించే రాబడి తగ్గలేదు. ఈ దేశంలో ఏ చిన్న వ్యాపారికి ఎవరు 22 శాతం రాబడి హామీ ఇస్తున్నారు? లాభం రావద్దని మేము అనం. ఆ అంకెను ఇప్పటి పరిస్థితులతో పోల్చి మళ్లీ నిర్ణయించమంటున్నాం.

ప్రజా ప్రయోజనం చూడటం మన ప్రభుత్వానికి చేతకాదని కాదు. 2020 బడ్జెట్‌లో పాలిస్టర్ తయారీకి వాడే పీటీఏ మీద సుంకాన్ని ఆ కారణంతోనే ఎత్తేశారు. చైనా స్టెయిన్‌లెస్ స్టీల్ మీద 2017 సెప్టెంబరులో 18.95 శాతం సబ్సిడీ వ్యతిరేక సుంకం వేశారు. 2021 బడ్జెట్‌లో దాన్ని తాత్కాలికంగా ఆపారు. 2022 బడ్జెట్‌లో స్టెయిన్‌లెస్, పూత వేసిన ఉక్కు, మరికొన్ని ఉక్కు వస్తువుల మీది సుంకాలను, లోహాల ధరలు మండిపోతున్నాయి కాబట్టి విస్తృత ప్రజా ప్రయోజనం దృష్ట్యా రద్దు చేస్తున్నామని ఆర్థిక మంత్రి సభలోనే చెప్పారు. అప్పుడు మీలో కొందరు సభలో ఉన్నారు. అంటే దారి ఉంది. బడ్జెట్ దాకా ఆగకుండా, గొంతు పెద్దగా ఉన్న పరిశ్రమలు అడిగితేనే కాకుండా, ప్రతి కేసులోనూ ఆ దారిలో నడవమని కోరుతున్నాం.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో ఒక్క ఉదాహరణ చెప్తాను, అది సరిగ్గా మా గోడుకు సంబంధించింది. అమెరికా నుంచి పశ్చిమ కెనడాకు వచ్చే జిప్సం బోర్డు మీద 2016 సెప్టెంబరులో కెనడా తాత్కాలిక యాంటీ డంపింగ్ సుంకాలు వేసింది. కొన్ని కంపెనీలకు అవి 276.5 శాతం దాకా వెళ్లాయి. అదే ఏడాది మే నెలలో ఫోర్ట్ మెక్‌మరీ పట్టణాన్ని కార్చిచ్చు కాల్చేసింది. సుమారు 2,400 కట్టడాలు బూడిదయ్యాయి. ఇళ్లు మళ్లీ కట్టుకోవాల్సిన సమయంలోనే గోడల బోర్డు ధర పెరిగింది. చిన్న కాంట్రాక్టర్లు పాత రేటుకు ఒప్పుకున్న పనుల్లో మునిగిపోయారు. వాళ్లు గొడవ చేశారు. అక్కడి ప్రభుత్వం విని, ఆ సుంకాల వల్ల వాడకందారులకు ఏమవుతుందో విడిగా విచారించమని తమ వాణిజ్య ట్రైబ్యునల్‌ను అడిగింది. 2017 మొదట్లో నివేదిక వచ్చాక సుంకాన్ని బాగా తగ్గించారు, వసూలైన సొమ్ములోంచి నష్టపోయిన ఇంటివాళ్లకు, కాంట్రాక్టర్లకు ఊరట ఇచ్చారు. అక్కడి ఫ్యాక్టరీకి రక్షణ పూర్తిగా పోలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లూ మిగిలారు. ఐరోపా యూనియన్ చట్టంలోనైతే సుంకం వేసే ముందు వాడకందారుల, వినియోగదారుల ప్రయోజనాన్ని కూడా తూచి చూడాలన్న పరీక్ష తప్పనిసరిగా ఉంది.

మన ఎగుమతిదారులు కూడా ఇదే న్యాయం కోసం బయట పోరాడుతున్నారు. భారతీయ టైల్స్ మీద 2023లో ఐరోపా యూనియన్ 6.7 నుంచి 8.7 శాతం సుంకం వేసింది. మన క్వార్ట్జ్ స్లాబుల మీద అమెరికా 2020లో డంపింగ్, సబ్సిడీ సుంకాలు రెండూ వేసింది. ఎగుమతులకు మన ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకాలనే అక్కడ సబ్సిడీలుగా లెక్కపెట్టారు. మీ దేశపు కొనుగోలుదారులే నష్టపోతారు అని అక్కడ వాదించే మనం, ఆ వాదనను మన ఇంట్లో వినకపోతే ఎలా?

అందుకని మీ ద్వారా వాణిజ్య, ఆర్థిక శాఖలను కోరుతున్నవి ఇవి.

ఒకటి. నిర్మాణ సామగ్రికి సంబంధించిన ప్రతి తుది నివేదికలో, ఒక సాధారణ ఇంటి మీద ఈ సుంకం ఎన్ని రూపాయల భారం వేస్తుందో రాయాలి. దాని పక్కనే, అప్పటికే అమల్లో ఉన్న మిగతా నిర్మాణ సామగ్రి సుంకాలన్నీ కలిపితే ఎంతవుతుందో కూడా రాయాలి. రక్షణ సుంకాలనూ ఇందులో చేర్చాలి. ఈ లెక్క లేని సిఫార్సును రెవెన్యూ విభాగం తీసుకోకూడదు.

రెండు. విచారణ మొదలైనట్టు ఇచ్చే ప్రకటన సారాంశం తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో రావాలి. జిల్లా పరిశ్రమల కేంద్రాలకు పంపాలి. చిన్న వాడకందారులు రెండు పేజీల్లో, తమ భాషలో, లాయరు లేకుండా జవాబివ్వగలిగే ఫారం ఉండాలి. గడువు కనీసం 60 రోజులు కావాలి.

మూడు. సుంకం వేసినా, వేయకపోయినా రెవెన్యూ విభాగం కారణాలు రాసి బయటపెట్టాలి. గత కొన్నేళ్లలో చాలా సిఫార్సులను ఆర్థిక శాఖ అమలు చేయలేదు. కారణం చెప్పలేదని కంపెనీలు ట్రైబ్యునల్‌కు వెళ్లాయి. ఈ విషయంలో మేమూ కంపెనీల పక్షమే. కారణం తెలుసుకునే హక్కు ఇద్దరికీ ఉంది.

నాలుగు. 22 శాతం రాబడి ఆచారాన్ని సమీక్షించాలి. దేశీయ తయారీదారులు కొద్దిమందే ఉన్న వస్తువుల విషయంలో, సుంకం వేసిన తర్వాత వాళ్లు ధర ఎంత పెంచారో ఏటా చూడాలి. సుంకాన్ని అడ్డం పెట్టుకుని ఖర్చుతో సంబంధం లేకుండా ధర పెంచినట్టు తేలితే ఐదేళ్లు ఆగకుండా మధ్యలోనే సమీక్ష మొదలుపెట్టాలి. మధ్యంతర సమీక్షకు నియమాల్లో ఇప్పటికే వీలుంది.

ఐదు. డాలర్లలో వేసే సుంకానికి రూపాయల్లో ఒక పరిమితి పెట్టాలి.

ఆరు. నోటిఫికేషన్ తేదీకి ముందే ఓడ ఎక్కిన సరుకుకు మినహాయింపు ఇవ్వాలి. చిన్న దిగుమతిదారు, అతని మీద ఆధారపడిన ఫ్యాబ్రికేటర్ రాత్రికి రాత్రి దివాలా తీయకుండా ఇది కాపాడుతుంది.

ఏడు. పొడిగింపులకు హద్దు ఉండాలి. ఒక పరిశ్రమకు పదేళ్ల రక్షణ తర్వాత మూడోసారి కూడా కావాలంటే, ఈ పదేళ్లలో యంత్రాల మీద, ఉత్పత్తి సామర్థ్యం మీద ఏం పెట్టుబడి పెట్టిందో బహిరంగంగా చూపించాలి.

ఎనిమిది. నిర్మాణ సామగ్రి మీద వసూలైన యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక సుంకాల మొత్తాన్ని ఏటా విడిగా ప్రకటించాలి. దానికి తగ్గట్టు పేదల ఇళ్ల పథకాల్లో ఇంటికి ఇచ్చే సాయాన్ని సవరించాలి. ఆ సొమ్ములో కొంత వాళ్ల కిటికీల నుంచి, పైపుల నుంచి వచ్చిందే.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒకటి, రెండు, నాలుగు డీజీటీఆర్ తన ట్రేడ్ నోటీసులతోనే మొదలుపెట్టవచ్చు. మూడోది రెవెన్యూ విభాగం ఒక ఆదేశంతో చేయవచ్చు. మిగతావాటికి నియమాల సవరణ కావాలి, ఆ నియమాలు కూడా మీ సభల ముందుకే వస్తాయి.

మీరు పార్టీలుగా విడిపోయి ఉన్నారు, అది మాకు తెలుసు. ఈ విషయంలో రెండు రాష్ట్రాలకూ, అన్ని పార్టీలకూ ప్రయోజనం ఒకటే. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో మీలో ఒక్కరైనా ఈ ప్రశ్న నక్షత్ర గుర్తుతో (మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్నగా) అడగండి: "ప్రస్తుతం అమల్లో ఉన్న యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక, రక్షణ సుంకాలన్నీ కలిపి ఒక సాధారణ ఇంటి నిర్మాణ ఖర్చును ఎంత పెంచుతున్నాయి? ఈ లెక్క ప్రభుత్వం దగ్గర ఉందా? లేకపోతే ఎప్పటిలోగా తయారుచేస్తారు?" మంత్రిగారి జవాబు ఏదైనా సరే, అది రికార్డులోకి వెళ్తుంది. దాన్ని తెలుగులోకి మార్చి ప్రతి టైల్స్ షాపులో, ప్రతి గ్లాసు షాపులో అంటించే పని మేము చూసుకుంటాం.

గౌరవంతో,

ఇళ్లు కట్టే ఒక చిన్న కాంట్రాక్టర్,
తోటి కాంట్రాక్టర్లు, పనివాళ్లు, ఇంటివాళ్ల తరఫున